‘ఖాయమేనా?’ అని అడగడం మానండి, వెనక్కి దారి పెట్టండి: గిట్ పైతొడుగులు రాసేవాళ్ళకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో గిట్ మీద స్క్రిప్టులు, ‘సబ్మిట్’ కమాండ్లు రాస్తున్న అధ్యాపకులకు, ఫైనలియర్ విద్యార్థులకు, ఇక్కడి ఆఫీసుల్లో అదే పని చేస్తున్న తోటివాళ్ళకు,

నమస్కారం.

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ కష్టంగా ఉంది, పిల్లలకు సులువు చేద్దాం అని మీరు పైతొడుగు, అంటే దాని కమాండ్లను తనే నడిపే చిన్న స్క్రిప్ట్, రాస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఇట్టాంటి తొడుగుల్లో చాలావాటిని విప్పి చూస్తే లోపల ఉండేది ఇంతే: అన్నీ యాడ్ చెయ్ (కమిట్‌కు సిద్ధం చెయ్), ‘అప్‌డేట్’ అనే మెసేజ్‌తో కమిట్ కొట్టు (చరిత్రలో దాచు), --ఫోర్స్‌తో పుష్ చెయ్ (సర్వర్ మీదున్నదాన్ని లెక్కచేయకుండా పంపు). పేచీ వస్తే రీసెట్ --హార్డ్, అంటే కమిట్ చేయని మార్పులు తుడిచెయ్. జాగ్రత్త పేరుతో ముందర ఒక ప్రశ్న: ‘ఖాయమేనా? వై / ఎన్’.

ఆ ప్రశ్న ఎవరినీ కాపాడదు. రోజుకు ఇరవై సార్లు అడిగే ప్రశ్నకు జవాబు కన్ను చదివి చెప్పదు, వేలే చెప్పేస్తుంది. పైగా ‘ఖాయమేనా?’ అనే మాటలో ఏం పోబోతోందో లేదు. మూడు ఫైళ్ళలో గంట సేపు చేసిన పని పోతుందా, పనికిరాని ఒక ఖాళీ లైను పోతుందా అన్నది అడిగినవాడికీ తెలియదు, జవాబు చెప్పేవాడికీ తెలియదు. చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మె మీద గీత గీయకుండా రంపం పెట్టరు, ఎందుకంటే కోసిన రాయి మళ్ళీ అతకదు. మన పని రాయి కాదు. కాపీ తీసి పెట్టుకునే వెసులుబాటు ఉన్నచోట గీతతో సరిపెట్టుకోవడం బద్ధకమే.

కాబట్టి మొదటి కోరిక. ఏదైనా చెరిపే ముందు మీ స్క్రిప్ట్ తనంతట తానే ఒక నకలు తీయాలి. గిట్‌లో దీనికి కావలసిన సామాను చాలాకాలంగా ఉంది.

సులువైన దారి ‘గిట్ స్టాష్ క్రియేట్’. ఇది ఫైళ్ళను కదిలించదు, స్టాష్ జాబితాలోనూ (పక్కన పెట్టిన పనుల చిట్టాలోనూ) చేర్చదు. మార్పులను ఒక కమిట్‌గా కట్టి దాని సంఖ్యను అచ్చు వేస్తుంది, అంతే. ఆ సంఖ్యను ‘గిట్ అప్‌డేట్-రెఫ్’తో ‘రెఫ్స్/బ్యాకప్/తేదీ-గంట’ అనే పేరుకు (గిట్ భాషలో రెఫ్) తగిలించండి. పేరు తగిలించకపోతే కొన్నాళ్ళకు గిట్ చెత్త ఊడ్చేటప్పుడు అదీ పోతుంది. మార్పులేమీ లేకపోతే ఈ కమాండ్ ఏమీ అచ్చు వేయదు, తప్పు కోడూ ఇవ్వదు. ఆ ఖాళీ జవాబును అప్‌డేట్-రెఫ్‌కు అందించకుండా ముందే చూసుకోండి.

దీనికొక లోటుంది. గిట్‌కు ఇంకా పరిచయం చేయని కొత్త ఫైళ్ళు ఇందులోకి రావు. ల్యాబులో పోయేవి ఎక్కువగా అవే: విద్యార్థి కొత్తగా రాసిన ఫైలు, ఒక్కసారి కూడా యాడ్ చేయనిది. వాటికోసం కాస్త పొడుగు దారి పట్టాలి. డాట్‌గిట్ ఫోల్డరులోని ఇండెక్స్ ఫైలును, అంటే యాడ్ చేసినవాటి పట్టికను, వేరే పేరుతో కాపీ చేయండి. ‘గిట్_ఇండెక్స్_ఫైల్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఆ కాపీ వైపు తిప్పండి. తర్వాత యాడ్ --ఆల్, రైట్-ట్రీ, కమిట్-ట్రీ, అప్‌డేట్-రెఫ్, ఈ వరసలో. కమిట్-ట్రీకి -ఎమ్‌తో మెసేజ్ ఇవ్వడం మరిచిపోతే అది స్టాండర్డ్ ఇన్‌పుట్ వైపు చూస్తూ కూర్చుంటుంది, మీ స్క్రిప్ట్ బిగుసుకుపోయిందని విద్యార్థి కిటికీ మూసేస్తాడు. ఒక్క కమిట్ కూడా లేని కొత్త రిపోజిటరీలో తల్లి కమిట్‌గా ‘హెడ్’ (ఇప్పటి చివరి కమిట్) ఇవ్వలేరు, అప్పుడు తల్లిని చెప్పే -పీ వదిలేయాలి. స్టేజ్ (అంటే యాడ్) చేసిందీ చేయనిదీ అన్న తేడా ఈ నకలులో కలిసిపోతుంది. పని మాత్రం పోదు. డాట్‌గిట్‌ఇగ్నోర్‌లో ఉన్న ఫైళ్ళు, అంటే గిట్ పట్టించుకోవద్దని చెప్పినవి, ఇందులోనూ రావు, కాబట్టి వాటినీ చెరిపే ‘క్లీన్ -ఎక్స్’ లాంటిది మీ తొడుగులో అసలు పెట్టకండి.

ఆ రెఫ్‌లు మామూలు పుష్‌లో సర్వర్‌కు వెళ్ళవు, --మిర్రర్ వాడితేనో, పేరు పెట్టి పంపితేనో వెళ్తాయి. నెల దాటినవాటిని స్క్రిప్టే తీసేయాలి, లేకపోతే డిస్కు నిండుతుంది.

పని అయ్యాక చివర రెండు లైన్లు చాలు: పాత పని ఫలానా పేరుతో ఉంది; తిరిగి కావాలంటే ఈ కమాండ్ కొట్టండి. ‘గిట్ రిస్టోర్ --సోర్స్=’ తర్వాత ఆ రెఫ్ పేరు, చివర చుక్కతో సహా, యథాతథంగా కాపీ చేసుకునేలా మొత్తం కమాండ్ అచ్చు వేయండి. ‘డాక్యుమెంటేషన్ చూడండి’ అని రాయడం కంటే ఏమీ రాయకపోవడమే మర్యాద.

‘గిట్‌లో రీఫ్లాగ్ ఉందిగా, ఇదంతా ఎందుకు?’ అనొచ్చు. రీఫ్లాగ్ కమిట్ల కదలికలనే రాసుకుంటుంది. మామూలు అమరికలో ఆ పద్దులు 90 రోజులుంటాయి, ఏ బ్రాంచికీ (పని విడిగా సాగే పాయకీ) అందని కమిట్లవి 30 రోజులు. కమిట్ చేయని పని దాని లెక్కలోకే రాదు. రీసెట్ --హార్డ్ కొట్టాక, అంతకుముందు యాడ్ చేసి ఉన్న ఫైలైతే ‘గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్’తో ముక్కలుగా దొరకొచ్చు, పేరు లేకుండా. యాడ్ కూడా చేయని మార్పు గిట్ దగ్గర లేదు. ఎడిటర్ చరిత్రలో ఉంటే అదృష్టం. ఈ గీత ఎక్కడుందో విద్యార్థికి తెలియదు. మీ తొడుగుకు తెలిసుండాలి. జుజుత్సు అనే కొత్త పనిముట్టు ఈ గీతనే చెరిపేసింది: అది దాదాపు ప్రతి కమాండ్ ముందూ పని ఫోల్డరు నకలు తీసుకుంటుంది, చేసిన ప్రతి పనినీ ఒక చిట్టాలో రాస్తుంది, ‘అన్‌డూ’ అంటే చివరి పని వెనక్కి పోతుంది. గిట్ మీద తొడుగు రాసేవాళ్ళు కాపీ కొట్టాల్సింది దీన్ని.

ఇక పేర్ల సంగతి. గిట్ పుట్టింది 2005 ఏప్రిల్‌లో. ‘చెకౌట్’ అనే ఒక్క మాట బ్రాంచి మార్చడానికీ, ఫైలును పాత రూపానికి తేవడానికీ రెండింటికీ వాడారు. మొదటి పనిలో అది చాలా జాగ్రత్త మనిషి: మీ మార్పులు చెడిపోతాయనుకుంటే బ్రాంచి మారనని మొండికేస్తుంది. రెండో పనిలో అడగదు, ఆగదు, ఫైలు మీద తుడిచేసి పాతది పెట్టేస్తుంది. ‘రిపోర్ట్’ అనే బ్రాంచికి వెళ్దామని ‘గిట్ చెకౌట్ రిపోర్ట్’ కొట్టారనుకోండి. ఆ బ్రాంచి ఇంకా తయారు కాలేదు, కానీ అదే పేరుతో ఫోల్డరు ఉంది. ఆ ఫోల్డరులో స్టేజ్ చేయని మార్పులన్నీ పోతాయి. తప్పు చేసిన భావన కూడా కలగదు, ఎందుకంటే కమాండ్ ‘విజయవంతం’. 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వర్షన్ ఈ పనిని రెండుగా చీల్చింది: బ్రాంచికి ‘స్విచ్’, ఫైలుకు ‘రిస్టోర్’. స్విచ్‌కు ఫైలు పేరిస్తే ఒప్పుకోదు. ట్యాగు (కమిట్‌కు తగిలించిన చీటీ) పేరిస్తే --డిటాచ్ అని నోరు తెరిచి చెప్పమంటుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ల్యాబ్ మాన్యువళ్ళలో చెకౌట్ నేర్పుతుంటే అది గిట్ తప్పు కాదు.

పొట్టి ఫ్లాగులదీ ఇదే గోల. ‘క్లీన్ -ఎన్’ అంటే ఏమీ చెరపకుండా ఏవి చెరిగేవో చూపించు. అదే నమ్మకంతో ‘కమిట్ -ఎన్’ కొడితే కమిట్ అయిపోతుంది, పైగా కమిట్‌కు ముందు నడిచే హుక్ తనిఖీ తప్పించుకుని. ‘చెర్రీ-పిక్ -ఎన్’ అంటే కమిట్ చేయకు. ‘క్లోన్ -ఎన్’ అంటే ఫైళ్ళు బయటికి తీయకు. ‘మెర్జ్ -ఎన్’ అంటే మార్పుల పట్టిక చూపించకు. ‘లాగ్ -ఎన్’ పక్కన అంకె కావాలి. ఇన్నేళ్ళు పెరిగిన చెట్టు కాబట్టి గిట్ ఇప్పుడు మార్చుకోలేదు. మీరు నిన్న మొదలుపెట్టారు, మీకా సాకు లేదు. ఒక అక్షరానికి మీ తొడుగు మొత్తంలో ఒకటే అర్థం ఉంచండి. చెరిపే పనికి పొట్టి ఫ్లాగు ఇవ్వకండి, పొడుగుదే ఉంచండి. వేలికి కాస్త శ్రమ ఉండాల్సిన చోటు అదొక్కటే.

ఫోర్స్ పుష్ దగ్గర కాసేపు ఆగుదాం. సోమశిల గేట్లు ఎత్తే ముందు పెన్న దిగువ ఊళ్ళను అప్రమత్తం చేస్తారు. --ఫోర్స్ ఏ ఊరినీ అప్రమత్తం చేయదు. సర్వర్ మీద మీ జట్టులో ఇంకొకరు పెట్టిన కమిట్లున్నా వాటి మీదుగా పారిపోతుంది. 2013 నాటి 1.8.5 వర్షన్ నుంచి --ఫోర్స్-విత్-లీజ్ ఉంది: నేను చివరిసారి చూసినప్పుడు సర్వర్‌లో ఏముందో ఇప్పుడూ అదే ఉంటేనే పుష్ చెయ్ అని దానర్థం. దీన్ని వాడి నిశ్చింతగా ఉండేవాళ్ళు ఒకటి గమనించరు. ‘చివరిసారి చూసింది’ అంటే మీ కంటితో చూసింది కాదు, మీ మెషీన్ సర్వర్ నుంచి ఫెచ్ చేసి తెచ్చుకుంది. ఎడిటర్ వెనకాల నిశ్శబ్దంగా ఫెచ్ చేస్తూ ఉంటే లీజు చెల్లినట్టే, ఎదుటివాళ్ళ కమిట్లు కొట్టుకుపోయినట్టే. 2.30 వర్షన్‌లో వచ్చిన --ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్ ఆ కన్నం పూడుస్తుంది: తెచ్చుకున్న కమిట్లు మీ బ్రాంచి చరిత్రలోకి ఎప్పుడైనా వచ్చాయా అని కూడా చూస్తుంది. మీ స్క్రిప్టులో రెండూ కలిపి పెట్టండి.

సర్వర్ వైపు పని ఇంకా సులువు. ‘రిసీవ్.డినై-నాన్-ఫాస్ట్-ఫార్వర్డ్స్’, ‘రిసీవ్.డినై-డిలీట్స్’ రెండూ ట్రూ చేయండి; చరిత్ర తిరగరాసే పుష్‌లనూ, బ్రాంచి చెరిపే పుష్‌లనూ సర్వరే తిప్పికొడుతుంది. పని ఫైళ్ళు లేకుండా సర్వర్‌లో ఉండే బేర్ రిపోజిటరీలో రీఫ్లాగ్ మామూలుగా ఉండదని చాలామందికి తెలియదు, ‘కోర్.లాగ్-ఆల్-రెఫ్-అప్‌డేట్స్’ ట్రూ చేస్తేనే రాసుకుంటుంది. ప్రాజెక్టు సబ్మిషన్ల వారంలో ఈ ఒక్క లైను విలువ తెలుస్తుంది. గిట్ లాంటిదే అయిన మెర్క్యూరియల్ ఈ సమస్యను వేరే వైపునుంచి పట్టుకుంది. 2012 నుంచి దాంట్లో ప్రతి కమిట్‌కూ ఒక దశ ఉంటుంది. బయటికి వెళ్ళి ‘పబ్లిక్’ అయినదాన్ని తిరగరాయబోతే పనిముట్టే ఒప్పుకోదు. చరిత్ర తిరగరాయడం తప్పా ఒప్పా అని ఉపన్యాసం ఇవ్వకుండా, ఎవరి చేతికీ చేరనిది మాత్రమే మార్చుకోనిస్తుంది.

ఇప్పుడు మన సొంత గొడవ, తెలుగు.

‘నెల్లూరు’ అని ఫైలుకు పేరు పెట్టి గిట్ స్టేటస్ కొట్టండి. పేరు కనపడదు. కొటేషన్ గుర్తుల మధ్య \340\260\250 అంటూ మొదలై అంకెల తోరణం కనపడుతుంది. కారణం సరళమే: అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కొక్కటి 3 బైట్లు. నెల్లూరులో అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి 8 కోడ్లు, అంటే 24 బైట్లు. ఆస్కీ కాని ప్రతి బైటునూ గిట్ 4 గుర్తులతో చూపిస్తుంది. మొత్తం 96 గుర్తులు, మూడక్షరాల ఊరికి! ‘గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్’ అంటే మామూలు అక్షరాలు వస్తాయి. మీ ల్యాబ్ ఇన్‌స్టాలేషన్‌లో ఇది ముందే ఉండాలి. స్క్రిప్టులు పేర్లు చదివేటప్పుడు మాత్రం -జెడ్ వాడండి. అప్పుడు కోట్లూ ఉండవు, పేర్ల మధ్య సున్నా బైటు వస్తుంది, స్పేసులున్న పేర్లూ విరగవు.

పట్టికలు గీసేటప్పుడు బైట్లు లెక్కపెట్టి ఖాళీలు పెడితే తెలుగు పేరున్న వరస పక్కకు జారుతుంది. కోడ్లు లెక్కపెట్టినా కుదరదు, ఒత్తులు ఒక్కో టెర్మినల్‌లో ఒక్కో వెడల్పున కూర్చుంటాయి. ఫైలు పేరును చివరి గడిలో పెట్టేయండి, సర్దుబాటు అవసరమే రాదు.

మెసేజ్‌లు తెలుగులో ఇస్తే మంచిదే, కానీ ఇంగ్లీషు వాక్యానికి చొక్కా మార్చినట్టు ఇవ్వకండి. ‘%ఎస్ కి మారాం’ (%ఎస్ చోట పేరు పడుతుంది) అని ఒక మూస రాస్తే కావలి అనే బ్రాంచికి ‘కావలికి’ అని కుదురుతుంది, ఒంగోలుకు ‘ఒంగోలుకి’ అనో ఇంకోలాగో ఎబ్బెట్టుగా తగులుతుంది. మన విభక్తి ముందరి అచ్చును బట్టి మారుతుంది, మూసకు అది తెలియదు. మధ్యలో ఒక మాట అడ్డం వేయండి: ‘కావలి’ అనే బ్రాంచికి మారాం, ‘ఒంగోలు’ అనే బ్రాంచికి మారాం. విభక్తి ఎప్పుడూ ‘బ్రాంచి’ మీదే పడుతుంది, గొడవ లేదు. ‘1 ఫైలు మారింది’, ‘3 ఫైళ్ళు మారాయి’ అన్నచోట నామవాచకమే కాదు, క్రియ కూడా మారుతుంది. అందుకే వాక్యాన్ని ముక్కలుగా అతికించకుండా, అంకెను బట్టి వాక్యం ఎంచే ఎన్‌గెట్‌టెక్స్ట్‌తో రెండు పూర్తి వాక్యాలు ఇవ్వాలి.

అంతకంటే ముఖ్యమైనది: మన వాక్యంలో ‘అయింది’, ‘కాలేదు’ చివర్లో వస్తాయి. పొడుగు వాక్యం కిటికీ అంచు దగ్గర తెగిపోతే పుష్ అయిందో లేదో ఆ తెగిన ముక్కలోనే ఉంటుంది. మొదటి లైను రెండు మాటలే ఉండనివ్వండి.

పుష్ కాలేదు.
సర్వర్‌లో ‘మెయిన్’ అనే బ్రాంచిలో మీ దగ్గర లేని 2 కమిట్లు ఉన్నాయి.
ముందు వాటిని తెచ్చుకోండి: గిట్ పుల్ --రీబేస్

కమిట్‌ను ‘నిబద్ధత’ అని, బ్రాంచిని ‘శాఖ’ అని మార్చే సరదా వద్దు; కీబోర్డు మీద కొట్టే మాటే తెర మీదా కనపడాలి. ‘దయచేసి’ ప్రతి లైనులో అక్కర్లేదు, ‘చెల్లని ఇన్‌పుట్’ అని కోర్టు భాషా అక్కర్లేదు. ‘కొట్టండి’, ‘చూడండి’ చాలు. అడుగున అసలు ఇంగ్లీషు లైనూ ఉంచండి, ఎందుకంటే పిల్లలు వెతికితే దొరికేది అదే.

ల్యాబుకే ప్రత్యేకమైనవి కొన్ని, గబగబా. ఒకే లాగిన్‌తో పదిమంది కూర్చునే మెషీన్లలో ఉదయం బ్యాచి పేరు గ్లోబల్ కాన్ఫిగ్‌లో ఉండిపోయి మధ్యాహ్నం కమిట్లన్నీ వాళ్ళ ఖాతాలో పడతాయి. గ్లోబల్‌లో పేరు, ఈమెయిలు తీసేసి ‘యూజర్.యూజ్-కాన్ఫిగ్-ఓన్లీ’ ట్రూ చేయండి. అప్పుడు గిట్ ఊహించడం మానేసి ఎవరు మీరు అని అడుగుతుంది. ఎడిటర్ ఏదో చెప్పకపోతే మెర్జ్ మెసేజ్ కోసం వీఐ తెరుచుకుంటుంది, దాంట్లోంచి బయటపడలేక కిటికీ మూసేస్తారు, మెర్జ్ సగంలో ఉండిపోతుంది; ‘కోర్.ఎడిటర్’ను నానో చేయండి. పెన్‌డ్రైవ్ మీది రిపోజిటరీకి ‘యజమాని అనుమానాస్పదం’ అనే అర్థంలో గిట్ ఆగితే, తెర మీద అదే చూపించే సేఫ్.డైరెక్టరీ కమాండ్‌ను ఆ ఒక్క ఫోల్డరుకే కొట్టించండి. నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటికీ తలుపు తీసేయడం మాన్యువల్‌లో రాయకండి.

కరెంటు పోతే రెండు రకాల నష్టం. గిట్ పని చేసేటప్పుడు పెట్టుకునే తాళం ఫైలు ఇండెక్స్.లాక్ మిగిలిపోవడం చిన్నది. ఇంకో గిట్ ప్రాసెస్ నడవడం లేదని చూసుకుని ఆ ఫైలు తీసేస్తే సరి, కానీ మీ స్క్రిప్ట్ చూసుకోకుండా తనంతట తీసేయకూడదు. పెద్దది, గిట్ మీ పనిని దాచే ఆబ్జెక్ట్ ఫైళ్ళు సున్నా బైట్లతో మిగలడం. గిట్ విడి ఆబ్జెక్టులను మామూలు అమరికలో డిస్కులోకి బలవంతంగా దించదు, నిర్ణయం ఫైల్ సిస్టమ్‌కు వదిలేస్తుంది. 2022లో వచ్చిన 2.36 నుంచి ‘కోర్.ఎఫ్‌సింక్’ అనే అమరిక ఉంది. యూపీఎస్ మీద నమ్మకం లేని ల్యాబులో దాన్ని ‘ఆల్’ చేయండి. కొంచెం నెమ్మదిస్తుంది, ఫరవాలేదు.

స్క్రిప్టును ఇంకో స్క్రిప్ట్ పిలిచే రోజు వస్తుంది. ఫలితం స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు, కబుర్లూ తప్పులూ స్టాండర్డ్ ఎర్రర్‌కు. విఫలమైతే సున్నా కాని కోడ్. గిట్ స్టేటస్‌ను చదవాలంటే స్క్రిప్టుల కోసం మారకుండా ఉంచిన --పోర్సిలిన్ వాడండి, మనుషుల కోసం అచ్చయ్యే మాటలు ఏ వర్షన్‌లోనైనా, ఏ భాషలోనైనా మారొచ్చు. ఎదురుగా మనిషి లేనప్పుడు, అంటే ఇన్‌పుట్ టెర్మినల్ కానప్పుడు, ప్రశ్న అడగకండి; ఏ ఫ్లాగు ఇవ్వాలో చెప్పి ఆగిపోండి.

స్పెల్లింగు తప్పుకు సాయం చేయండి కానీ చొరవ తీసుకోకండి. కొట్టినదాన్ని పోలిన కమాండ్ల పేర్లు గిట్ వెతికేటప్పుడు పక్కపక్క అక్షరాలు తారుమారైతే ఖరీదు సున్నా వేస్తుంది, అక్షరం మారితే 2. వేళ్ళు చేసే తప్పులు తెలిసినవాళ్ళు రాసిన లెక్క అది. కానీ తప్పును తానే దిద్ది నడిపే ‘హెల్ప్.ఆటోకరెక్ట్’ అమరికలోని అంకెను సెకనులో పదో వంతుగా లెక్కపెట్టడంతో, 1 అంటే ‘అవును’ అనుకుని పెట్టుకున్నవాళ్ళకు చాలాకాలం పాటు 0.1 సెకను గడువే దొరికింది. రెప్ప వేసేలోపు కమాండ్ నడిచిపోయింది! సూచన చూపించి ఆగడమే సరైన పని.

మార్పులు చేస్తే పాత అలవాట్లున్నవాళ్ళకు ముందు చెప్పండి. ‘పుష్.డిఫాల్ట్’ను ‘మ్యాచింగ్’ (పేరు కలిసిన బ్రాంచిలన్నీ పంపడం) నుంచి ‘సింపుల్’కు (ఇప్పటి బ్రాంచి ఒక్కటే పంపడం) మార్చడానికి గిట్ ముందు వర్షన్లలో హెచ్చరికలు చూపించి, 2014లో 2.0తో గాని మార్చలేదు. మీకు అంత కాలం అక్కర్లేదు, ఒక సెమిస్టర్ చాలు.

బయటికి వదిలే ముందు, మీ తొడుగు ఎన్నడూ చూడని ఒక రెండో సంవత్సరం విద్యార్థినిని కూర్చోబెట్టండి. మూడు పనులివ్వండి: సగం రాసిన ఫైలుతో బ్రాంచి మారడం, తిరస్కరించిన పుష్‌ను సరిచేయడం, చెరిపేసిన ఫైలును తెచ్చుకోవడం. మీరు నోరు మెదపకండి. ఆమె కొట్టిన మొదటి తప్పు కమాండ్ ఏంటో, అప్పుడు మీ తెర ఏం చెప్పిందో రాసుకోండి. తర్వాత మీరే, నకలు తీసే స్క్రిప్ట్ నడుస్తుండగా మధ్యలో కిల్ -9 కొట్టి బలవంతంగా ఆపి, గిట్ స్టేటస్ చూడండి.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు ల్యాబుల్లో గిట్ నేర్పే కొందరం